రాహువు, నిప్పుల గుండం, మన పెద్దలు

ఈ సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మేము ముందు వెనుకాడాము. మేము పండితులం కాము. మా తెలుగు అమ్మ ఒడిలో నేర్చిన తెలుగు కాదు. యాభై దాటిన తరువాత, రెడ్‌మండులో, మంగళవారం సాయంత్రాల తరగతిలో, మనుమల వయసు పిల్లల పక్కన కూర్చొని నేర్చిన తెలుగు. కనుక తప్పులుంటే పెద్దలు దిద్దుకొని చదువుకోగలరు.

ఇప్పుడు అదే తరగతిలో చిన్నపిల్లలకు గుణింతాలు దిద్దించే పని మాకు అప్పగించారు. ఆ మధ్య ఒక సాయంత్రం క్షీరసాగర మథనం కథ చెబుతున్నాము. రాహువు దేవతల వరుసలో దొంగతనంగా కూర్చోవడం, సూర్యచంద్రులు చాడీ చెప్పడం, విష్ణుమూర్తి చక్రంతో తల నరకడం, ఆ పగతో రాహువు నేటికీ వాళ్లను మింగుతూ ఉండడం, అంతా అయింది. తొమ్మిదేళ్ల పిల్ల చేయి ఎత్తింది. "మాస్టారూ, మా బడిలో చంద్రుడు అడ్డం వస్తాడని చెప్పారు. మరి ఇది అబద్ధమా? అబద్ధమైతే అమ్మమ్మ గ్రహణం నాడు అన్నం ఎందుకు తిననివ్వదు?"

నలభై ఏళ్లు బడిపంతులుగా బ్రతికిన వాళ్లం. రెండు దేశాల్లో పిల్లలకు సైన్సు చెప్పాము. అయినా ఆ పిల్లకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. వచ్చే వారం చెబుతానన్నాము. ఈ వ్యాసం ఆ వచ్చే వారానికి మేము చదివి పోగుచేసుకొన్నది.

మొదట తెలిసినది మాకే ఆశ్చర్యం కలిగించింది. ఆ పిల్ల అడిగిన ప్రశ్న రెడ్‌మండులో పుట్టినది కాదు, అమెరికా బడిలో పుట్టినదీ కాదు. పదిహేను వందల ఏళ్ల క్రితమే మన దేశంలో దానిమీద గట్టి తగవు జరిగింది. క్రీ.శ. 499లో ఆర్యభటుడు, అప్పటికి ఇరవై మూడేళ్ల వాడు, సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందనీ తన గ్రంథంలో సూటిగా వ్రాశాడు. తరువాత ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువు గురించి ఒక అధ్యాయమే వ్రాసి, గ్రహణానికి రాహువు కారణం కాదని తేల్చాడు. గ్రహణాలు చూసిన వారికి అందులోని తర్కం సులభంగా తెలుస్తుంది. చంద్రగ్రహణం చంద్రుడి తూర్పు అంచున మొదలవుతుంది, సూర్యగ్రహణం సూర్యుడి పడమటి అంచున మొదలవుతుంది. మింగేవాడు ఒక్కడే అయితే ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి ఎందుకు మింగుతాడు? చంద్రుడు తూర్పుగా నడుస్తూ భూమి నీడలోకి వెళితే అతని తూర్పు అంచే ముందు మునగాలి. అదే చంద్రుడు పడమటినుంచి వచ్చి సూర్యుడికి అడ్డం పడితే సూర్యుడి పడమటి అంచే ముందు మరుగు కావాలి. లెక్క సరిపోయింది.

అయితే వరాహమిహిరుడు అక్కడితో ఆగలేదు. గ్రహణ సమయంలో జనం చేసే దానాలలో, హోమాలలో భాగం పొందమని బ్రహ్మ రాహువుకు వరమిచ్చాడనీ, ఆ వేళ అతడు అక్కడ సన్నిహితుడై ఉంటాడనీ, అందుకే లోకం అలా అంటుందనీ ఒక దారి చూపాడు. కథను కొట్టిపారెయ్యలేదు, లెక్కనూ వదులుకోలేదు. ఆ తరువాత క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు వచ్చాడు. గ్రహణం గణించడంలో ఆయనా నీడ లెక్కే వేశాడు. కానీ రాహువు లేడన్న ఆర్యభటుణ్ణీ, వరాహమిహిరుణ్ణీ వేదస్మృతులకు విరుద్ధంగా మాట్లాడారని మందలించాడు. నాలుగు వందల ఏళ్ల తరువాత మన దేశానికి వచ్చిన అల్‌బిరూనీ ఇది చదివి తెల్లబోయాడు. ఇంత గొప్ప గణితజ్ఞుడు లోకానికి భయపడి ఇలా వ్రాశాడేమోనని, సోక్రటీసుకు పట్టిన గతి గుర్తు చేసుకొన్నాడు. మాకు మాత్రం బ్రహ్మగుప్తుణ్ణి పిరికివాడనడానికి నోరు రావడం లేదు. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట చెప్పి నెట్టుకొచ్చిన వాళ్లం మనలో ఎంతమందిమి లేము!

చివరికి ఆ తగవులో రాహువు గతి ఏమైంది? పంచాంగంలో ఆయన చోటు ఆయనకు ఉంది. కానీ అక్కడ ఆయన తలా కాదు, పామూ కాదు. చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువులలో ఒకటి రాహువు, రెండవది కేతువు. ఆ బిందువులు వెనక్కి జరుగుతూ సుమారు 18.6 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతాయి. అమావాస్యగానీ పున్నమిగానీ ఆ బిందువుల దగ్గర పడితేనే గ్రహణం. రాక్షసుడు లెక్కలోకి వచ్చి ఉద్యోగం సంపాదించుకొన్నాడన్నమాట.

ఇక మన తెలుగు నేల సంగతికి వద్దాము. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు దేశం మీదుగా పోయింది. ఆ రోజు గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట ఫ్రాన్సునుంచి వచ్చిన జాన్సెన్ తన యంత్రాలు పెట్టుకొని ఉన్నాడు. ఆంగ్లేయుల బృందం ఒకటి గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ బందరులో కూర్చొన్నాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి నైజాములోని వనపర్తికి వెళ్లాడు. అయిదు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటి. సూర్యుడి అంచున ఎర్రని మంటలు కనిపించాయి. ఆ మంటల వెలుగును పట్టకంతో విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి, అంటే అవి మండే వాయువులు. జాన్సెన్‌కు అప్పుడే ఒక ఊహ తట్టింది. ఇంత మెరిసే గీతలు గ్రహణం లేకపోయినా కనిపించాలి గదా అని. మరునాడు పొద్దున గుంటూరులోనే ప్రయత్నించి చూశాడు, కనిపించాయి. రెండు నెలల తరువాత ఇంగ్లండులో లాకియర్ ఇదే పనిని వేరుగా చేశాడు. ఆ గీతలలో ఒక పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ పదార్థానికీ చెందలేదు. దానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. 1895లో గాని రామ్‌సే దాన్ని భూమి మీద ఒక ఖనిజంలో పట్టుకోలేకపోయాడు. పిల్లల పుట్టినరోజుకు మనం ఊదించే బెలూన్లలోని వాయువు కథ గుంటూరు, బందరు ఊళ్లలో, రాహువు సూర్యుణ్ణి పట్టాడని జనం స్నానాలు చేస్తున్న పూట మొదలైంది.

రఘునాథాచారి గురించి ఇంకొక మాట చెప్పాలి. ఆయనది పంచాంగాలు కట్టే వంశం. 1867లో ఆయన ఒక చంచల నక్షత్రాన్ని కనిపెట్టాడు. అదే మనిషి పాత పంచాంగం లెక్కలు ఆకాశంలో కంటికి కనిపించేదానితో సరిపోవడం లేదని, దృక్ గణితంతో పంచాంగం దిద్దాలని జీవితమంతా పోరాడాడు. శాస్త్రం పేరుతో పంచాంగాన్ని పారెయ్యమనలేదు, ఆకాశం చూసి దిద్దుకోమన్నాడు. ఇది కొత్త మాట కూడా కాదు. కేరళలో పరమేశ్వరుడు ఏళ్ల తరబడి గ్రహణాలు గమనించి 1431లోనే దృగ్గణితం వ్రాశాడు. పండుగ ఏ రోజు అని ప్రతి ఏటా మన సంఘంలో జరిగే వాదన ఈ పాత తగవుకు మనుమడే. దానికి తోడు రెడ్‌మండులో మనకింకొక చిక్కుంది. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒక్కటే, సూర్యోదయం మాత్రం ఊరికొకటి. విజయవాడ సూర్యోదయానికి ఉన్న తిథి మన సమామిష్ చెరువు మీద పొద్దు పొడిచే వేళకు ఉండకపోవచ్చు. అందువల్ల ఒక్కొక్కసారి అక్కడి చుట్టాలు పండుగ చేసుకొన్న తేదీ మనకు పండుగ తేదీ కాదు. దీనికి కోపాలెందుకో మాకు ఎన్నడూ అర్థం కాలేదు.

విశాఖపట్నం వారి ముచ్చట వదిలిపెడితే మా తాత ఆత్మ ఊరుకోదు. ఆయన ఆ జిల్లావాడే. అక్కడ గోడే వెంకట జగ్గారావు గారు మద్రాసు వేధశాలలో ఖగోళశాస్త్రం నేర్చుకొని వచ్చి, 1840 ప్రాంతంలో తన సొంత తోటలో, సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1868 గ్రహణాన్నీ, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్నీ ఆయన అక్కడినుంచి చూసి లెక్క కట్టారు. ఒక తెలుగు జమీందారీ ఇంట ఇది జరిగిన సంగతి మాకు అరవయ్యేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

మా తాత 1911లో మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీకి కూలిగా వెళ్లాడు. అయిదేళ్ల గిరిమిటి, చెరకు తోటలు. తిరిగి రాలేదు. మా నాన్న అక్కడే పుట్టాడు, మేమూ అక్కడే పుట్టాము. ఇంట్లో తెలుగు మాట ఒకటీ అరా మిగిలింది, తక్కినదంతా ఫిజీ హిందీయే. ఇంటికి దగ్గర పట్టణం పేరు నాంది. తెలుగు నేర్చుకొన్నాక ఆ పేరు విని నవ్వుకొన్నాము. భాష పోయినా పోనిది ఒకటుంది, అది మారియమ్మ గుడి ముందు నిప్పుల గుండం. పది రోజుల ఉపవాసం, పసుపు బట్టలు, వేపాకు, దవడలకు శూలాలు, ఆఖరి రోజు గుండం తొక్కడం. మా నాన్న వరుసగా పదకొండేళ్లు తొక్కాడు.

మేము కాలేజీలో ఉన్నప్పుడు, 1979లో, ఆ గుండం మీద మా నాన్నతో వాదం పెట్టుకొన్నాము. అప్పుడు మాకు సైన్సు తలకెక్కి ఉంది. మా వాదం ఇది. ఫిజీలోనే బెంగా అనే ద్వీపం ఉంది. అక్కడి కాయ్‌వీతీలు, సవావు తెగ వాళ్లు, కాల్చిన రాళ్ల మీద నడుస్తారు. ఆ వరం తమ పూర్వుడికి ఒక దేవత ఇచ్చిందని వాళ్ల కథ, అది వాళ్ల తెగకే చెల్లుతుందట. వాళ్లకు మారియమ్మ పేరే తెలియదు. మనకు వాళ్ల దేవత తెలియదు. ఇద్దరి కాళ్లూ కాలవు. మరి కాపాడుతున్నది ఎవరు? 1935లో లండనులో ఖుదా బక్ష్ అనే కాశ్మీరు వాణ్ణి పండితులు నిప్పుల మీద నడిపించి పరీక్షించారు. నిప్పుల పైభాగం వేడి 430 డిగ్రీలు, పాదం కాలలేదు. బొగ్గు వేడిని త్వరగా అందించదు, పైన బూడిద పొర ఉంటుంది, అడుగు నిప్పుమీద నిలిచేది అర క్షణం. ఓవెన్‌లో చేయి పెడితే గాలి కాల్చదు, అదే వేడిలో ఉన్న రేకు ముట్టుకొంటే కాలుతుంది. అంతే సంగతి. అమ్మవారు ఏమీ లేదు, ఉన్నది బొగ్గు.

మా నాన్న చదువుకొన్నవాడు కాదు. అంతా విన్నాడు. "నిప్పు ఎందుకు కాల్చదో చెప్పావు. బాగుంది. నేను ఎందుకు నడిచానో నువ్వు అడగలేదు" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. మేమూ అడగలేదు. పొగరు. తరువాత చాలాకాలం మా మధ్య మాటలు పొడిపొడిగానే సాగాయి. 1987 కుట్రల తరువాత మేము దేశం వదిలి ఇటు వచ్చాము, ఆయన అక్కడే ఉండిపోయి అక్కడే పోయాడు. ఆయన పోయాక అమ్మ చెప్పింది. మాకు నాలుగేళ్ల వయసులో టైఫాయిడు వచ్చి పది రోజులు కన్ను తెరవలేదట. బ్రతికితే పదకొండేళ్లు గుండం తొక్కుతానని మొక్కుకొన్నాడట. టైఫాయిడు తగ్గింది మందుతోనే. ఆ మందు కోసం ఆయన ఎద్దును అమ్మిన సంగతి కూడా అమ్మే చెప్పింది.

ఈ సంగతి ఇక్కడ వ్రాయవలసిన పనేముందని మా ఇంటివారు అడిగారు. ఉంది. ఇదే వాదం తెలుగు దేశంలో ఇంతకంటె బాగా జరిగిన చోటు ఒకటుంది. అది తెలిసే నాటికి మా నాన్న లేడు.

గోరా అని పేరుపడిన గోపరాజు రామచంద్రరావు గారు 1902లో గంజాం ప్రాంతపు ఛత్రపురంలో పుట్టారు. వృత్తి వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు. అందుకే ఆయన కథ చదువుతుంటే మాకు తోటి పంతులని అభిమానం కలుగుతుంది. దయ్యాలు లేవని చూపడానికి దయ్యాల కొంప అన్న ఇంట్లో కాపురమున్నారు. జంధ్యం తీసివేసినందుకు కులంలో వెలి అయ్యారు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగం పోయింది, తరువాత బందరు హిందూ కళాశాల కొలువూ నిలువలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతి గారితో కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు చేరింది. ఆ కేంద్రం వారు ఊరూరా నిప్పుల గుండాలు తవ్వి, పూజ లేదు, ఉపవాసం లేదు, ఎవరైనా నడవవచ్చునని తామే నడిచి చూపారు. మేము కాలేజీ కుర్రవాడిగా నోటితో చెప్పినది వాళ్లు కాళ్లతో చెప్పారు.

అయితే మమ్మల్ని ఆపినది ఆ గుండం కాదు. గోరా గారు గాంధీగారి దగ్గరకు వెళ్లడం. 1930లోనే దేవుడి గురించి ఆయనకు ఉత్తరం వ్రాశారు. 1944లో సేవాగ్రాం వెళ్లి కలిశారు. రామనామం లేకుండా పొద్దు గడవని మనిషీ, దేవుడు అన్న మాటే మనిషిని బానిసను చేస్తుందనే మనిషీ ఒకచోట కూర్చొని మాట్లాడుకొన్నారు. ఆ మాటలను గోరా గారు తరువాత 1951లో పుస్తకంగా వేశారు. అందులో ఎవరూ ఎవరినీ ఓడించలేదు. తన ఆస్తికతే సరైనదనీ, గోరా నాస్తికత తప్పనీ అనలేనని గాంధీగారు ఒప్పుకొన్నారు. దేవుడే సత్యమన్న తన పాత మాటను ఆయన అప్పటికే తిరగవేసి, సత్యమే దేవుడని అంటున్నారు.

ఆ స్నేహానికి పరీక్ష ఒక పెళ్లి దగ్గర వచ్చింది. గోరా గారి పెద్దమ్మాయి మనోరమను అర్జునరావు అనే హరిజన యువకునికి ఇచ్చి చేయాలని నిశ్చయించారు. ఆ పెళ్లి సేవాగ్రాంలో తన సమక్షంలో జరగాలని గాంధీగారు కోరారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు ఎలా? నాస్తికుల ఇంటి పెళ్లి. గాంధీగారు దేవుడి పేరు తీసి, సత్యం పేరు పెట్టడానికి ఒప్పుకొన్నారు. ఆ పెళ్లి చూడడానికి ఆయన మిగలలేదు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. ఇచ్చిన మాట ప్రకారం అదే ఏడాది మార్చి 13న సేవాగ్రాంలోనే పెళ్లి చేశారు. ఒకరు తమ మాట నుంచి ఒక్క పదం జరుపుకొన్నారు, రెండవవారు ఆశ్రమానికి నడిచి వచ్చారు. మా నాన్నకూ మాకూ మధ్య ఆ ఒక్క పదం జరిపేవాడు లేకపోయాడు.

ఇంతకు ముందే కందుకూరి వీరేశలింగం గారు ఇంకొక దారి తొక్కారు. వితంతు వివాహం తప్పన్న శాస్త్రులకు శాస్త్రంతోనే, పరాశర స్మృతితోనే జవాబిచ్చి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి పెళ్లి చేయించారు. గ్రంథాన్ని కాదనకుండా గ్రంథంలోనే వెలుతురు వెతికిన ఆ మనిషే పిల్లల కోసం జ్యోతిశ్శాస్త్ర సంగ్రహమని ఖగోళం పుస్తకం కూడా వ్రాశారు. ఆయన తరువాతి వారు, త్రిపురనేని రామస్వామి చౌదరి గారు, నార్ల వెంకటేశ్వరరావు గారు, అంత ఓపిక పట్టలేదు. పురాణాలను నిలదీశారు. నార్ల వారు జాబాలి మీద ఒక నాటకమే వ్రాశారు. జాబాలి ఎవరో పిల్లలకు తెలియకపోవచ్చు. రామాయణంలో, అయోధ్యకాండలో, పరలోకం లేదు, తండ్రి మాటకోసం అడవి పట్టడం వృథా అని రాముడికే చెప్పిన బ్రాహ్మణుడు. రాముడు కోపగించుకొన్నాడు, నిజమే. కానీ ఆ వాదాన్ని ఎవరూ పుస్తకంలోంచి కొట్టెయ్యలేదు. ఋగ్వేదం పదవ మండలంలో సృష్టి ఎలా పుట్టిందని అడిగే సూక్తం చివర, పైనున్న వాడికైనా తెలుసో లేదో అనే సందేహంతో ఆగుతుంది. అటువంటి పుస్తకాన్ని పక్కన పెట్టుకొని, ప్రశ్న అడిగిన పిల్లను కళ్లు పోతాయని బెదిరించడం మాకు న్యాయంగా తోచలేదు.

కాబట్టి మరుసటి మంగళవారం ఆ పిల్లకు ఇలా చెప్పాము. గ్రహణానికి కారణం నీ బడిలో చెప్పినదే. ఆర్యభటుడు చెప్పినదీ అదే. రాహువు కథ ఆకాశంలో ఏమి జరుగుతుందో చెప్పే కథ కాదు, వరుసలో దొంగగా కూర్చొన్నవాడి కథ. గ్రహణం వల్ల అన్నం విషం కాదు. అమ్మమ్మ ఎందుకు తిననివ్వదో మాకు తెలియదు. ఆమెను అడుగు. వాదించడానికి కాదు, తెలుసుకోవడానికి అడుగు. ఆ పిల్ల అడిగి వచ్చింది. "అమ్మమ్మ వాళ్ల అమ్మ పెట్టేది కాదట. గ్రహణం విడిచాక అందరూ స్నానం చేసి, వేడిగా కొత్తగా వండుకొని, కలిసి తినేవారట. అమ్మమ్మకు అది గుర్తుందట." తరగతిలో ఇంకొక పిల్లవాడు లేచి, ఇంతసేపు ఆకలితో ఉంటే తాతకు షుగరు పడిపోతుంది గదా అన్నాడు. అదీ సబబే. మందులు వేసుకొనే పెద్దలు, కడుపుతో ఉన్న ఆడపిల్లలు ఆ పూట పస్తుండనక్కరలేదని వాళ్ల ఇళ్లలో చెప్పమన్నాము. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణం నాడు మన ఊళ్ల వీధులు భయంతో నిర్మానుష్యమయ్యాయి. అదే పూట హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా వారు దుర్భిణులు సూర్యుడి వైపు తిప్పి కూర్చొన్నారు. తలుపులు వేసుకొన్న వాళ్లు ఏమి పోగొట్టుకొన్నారో మేము మా కళ్లతో చూశాము.

2017 ఆగస్టు 21 సంగతి. రెడ్‌మండులో ఆనాడు సూర్యుడు పదింట తొమ్మిది వంతులకు పైగా మరుగయ్యాడు. పూర్తిగా చూడాలంటే ఆరెగానుకు పోవాలి. అక్కడ సంపూర్ణ గ్రహణం దారిలో పడిన ఊరి పేరు మద్రాసు. ఒక మద్రాసు బట్ట తాను మీది పేరు చూసి ఆ ఊరికి అలా పెట్టారని చెబుతారు. మా తాత ఓడెక్కిన ఊరి పేరు విని అమ్మ నేనూ వస్తానంది. ఎనభై దాటిన మనిషి. బయలుదేరే ముందు బియ్యం డబ్బా మీద, పచ్చడి జాడీ మీద, చివరికి ఫ్రిజ్ మీద కూడా గరికపోచ పెట్టి వచ్చింది. మేము ఏమీ అనలేదు.

పొలంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి అట్ట కళ్లద్దాలు ఇచ్చాము. మొదట వద్దంది. గ్రహణం చూడకూడదు గదా అంది. మామూలుగా చూస్తే కళ్లు చెడతాయి, ఆ మాట నిజమే, వీటితో చూస్తే ఏమీ కాదు అని చెప్పాము. పెట్టుకొంది. చీకటి పడింది. చలి వేసింది. ఎక్కడో కుక్క మొరిగింది. అద్దాలు తీయవచ్చునని చెప్పాము. రెండు నిమిషాలపాటు ఆమె చేతులు జోడించుకొని, రెప్ప వేయకుండా, సూర్యుడున్న చోట నల్లని బిళ్ల చుట్టూ తెల్లని వెలుగును చూసింది. వెలుగు మళ్లీ చిమ్మగానే అద్దాలు పెట్టుకొమ్మని మేము కేక వేశాము. విడుపు స్నానానికి అక్కడ నీళ్లు లేవు. ఆమె త్రాగే నీళ్ల సీసా మూత తీసి కాస్త తలమీద చల్లుకొని, మిగిలినవి మా నెత్తిన పోసింది.

"మీ నాన్న చూసి ఉంటే బాగుండేది" అంది. ఇంటికి వచ్చాక ఆ అట్ట కళ్లద్దాలు ఆమె పూజపెట్టెలో, మారియమ్మ విభూతి పొట్లం పక్కన పెట్టుకొంది.